స్క్రూ చుట్టూ ఎముకలో స్ట్రెస్ ఆగకుండా పెరుగుతోందా? థ్రెడ్ కొన చూడండి

సమస్య ఇలా కనిపిస్తుంది. బోన్ స్క్రూ (ఎముకలో బిగించే స్క్రూ) ఫైనైట్ ఎలిమెంట్ మోడల్, అంటే వస్తువును చిన్న చిన్న ముక్కలుగా (ఎలిమెంట్లుగా) విడగొట్టి స్ట్రెస్ లెక్కించే కంప్యూటర్ మోడల్, రన్ చేస్తే, చిన్న లోడ్‌కే ఎముక విరిగిపోవాల్సినంత స్ట్రెస్ వస్తుంది. లేదా వీ, బట్రెస్ (ఒక ముఖం దాదాపు నిటారుగా, రెండోది ఏటవాలుగా ఉండేది), చదరపు థ్రెడ్‌లు మూడూ పోల్చి ఏది మెరుగో తేల్చుకున్నాక, మెష్ (ఆ ముక్కల అల్లిక) మార్చగానే ఆ వరుస తారుమారవుతుంది.

ముందు ఇది చూడండి

గరిష్ఠ స్ట్రెస్ ఏ నోడ్‌లో (ఎలిమెంట్లు కలిసే బిందువులో) వచ్చింది? అర నిమిషం పని. అయినా నా దగ్గరకు మోడల్ తెచ్చేవాళ్లలో చాలామంది రంగుల బొమ్మ పక్కనున్న అంకె చూస్తారు తప్ప, అది ఎక్కడిదో చూడరు. ఆ తర్వాత యూనిట్లు. మిల్లీమీటర్లు, న్యూటన్లలో పనిచేస్తుంటే టైటానియం మిశ్రమానికి ఎలాస్టిక్ మాడ్యులస్ (పదార్థం ఎంత బిర్రుగా ఉందో చెప్పే అంకె) గిగాపాస్కల్స్‌లోని 110 కాదు, మెగాపాస్కల్స్‌లో 1,10,000 ఇవ్వాలి. ఎముక బయటి గట్టి పొరకు సుమారు 15,000 నుంచి 20,000 వరకు, లోపలి స్పాంజి ఎముకకు దాదాపు 1,000, చాలాసార్లు అంతకన్నా తక్కువ.

అసలు దొంగ: పదునైన కొన

అవన్నీ సరిగ్గా ఉండి, గరిష్ఠ నోడ్ థ్రెడ్ కొన (థ్రెడ్ బయటికి పొడుచుకొచ్చిన అంచు) దగ్గరే ఉంటే కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. నేను దెబ్బతిన్నదీ ఇక్కడే. మెషీన్ డిజైన్ నేర్చుకున్నవాళ్లం కదా, థ్రెడ్ మొదట్లో (అది స్క్రూ ఒంటిని కలిసే చోట) ఫిల్లెట్, అంటే మూలను గుండ్రం చేసే వంపు, ఇవ్వడం చేతికి అలవాటు. స్క్రూ విరిగేది అక్కడే కాబట్టి స్క్రూకి అది సరైన పనే. కానీ ఎముక వైపు నుంచి ఒకసారి చూడండి. స్క్రూకి కొన అయిన చోట ఎముకకు గుంట. మొదట్లో ఫిల్లెట్ ఇచ్చి, కొనను సూదిలా వదిలేశామంటే ఎముకలో సున్నా రేడియస్ ఉన్న గాడి కోసినట్టే. అలాంటి లోపలి మూలలో, ఎలాస్టిక్ లెక్కలో, స్ట్రెస్‌కు హద్దు ఉండదు. ఎలిమెంట్ 0.2 నుంచి 0.1కి, అక్కడి నుంచి 0.05 మిల్లీమీటర్లకు తగ్గించండి. అంకె ప్రతిసారీ పెరుగుతుంది, ఎక్కడా స్థిరపడదు. మీరు చదువుతున్నది మీ మెష్ సైజునే, ఎముక స్ట్రెస్‌ను కాదు.

థ్రెడ్ ఆకారం వల్ల నిజంగా వచ్చే తేడా ఈ గోలలో మునిగిపోతుంది. ఐఎస్ఓ 5835 ప్రమాణంలోని హెచ్‌ఏ రకం, అంటే గట్టి ఎముకకు వాడే స్క్రూ తీసుకోండి. దాని థ్రెడ్‌లో తల వైపు ముఖం అక్షానికి లంబంగా ఉండే తలం నుంచి 3 డిగ్రీలే వాలుతుంది, అవతలి ముఖం 35 డిగ్రీలు. స్క్రూను బయటికి లాగినప్పుడు ఆ 3 డిగ్రీల ముఖం ఎముకను దాదాపు అక్షం దిశలోనే నొక్కుతుంది. అదే 60 డిగ్రీల వీ థ్రెడ్‌లో రెండు ముఖాలూ 30 డిగ్రీలు వాలి ఉంటాయి కాబట్టి ఎముకను పక్కకు కూడా తోస్తుంది. మనం పట్టుకోవాల్సింది ఈ తేడాను. అది ముఖం పొడవునా పరుచుకుని ఉంటుంది, కొన దగ్గరి ఒక్క నోడ్‌లో దొరకదు.

పరిష్కారం: డ్రాయింగ్‌లో ఉన్న రేడియస్‌ను కొనకు ఇవ్వండి. అన్ని ఆకారాలకూ అదే పద్ధతి పాటించి, ఆ వంపు మీద కనీసం ఐదారు ఎలిమెంట్లు పడేలా మెష్ చేయండి. ఫలితాన్ని ఒక్క నోడ్ నుంచి చదవకండి. కొన నుంచి ఒకే దూరంలో, ఉదాహరణకు 0.1 మిల్లీమీటర్ దగ్గర చదవండి, లేదా థ్రెడ్ చుట్టూ ఒకే మందం ఉన్న పొరలో సగటు తీయండి. ఇంకోసారి ఎలిమెంట్ సైజు సగం చేసినా ఆ విలువ కదలకపోతే అప్పుడు పోల్చండి.

కాంటాక్ట్ బాండెడ్‌గా ఉందా?

బాండెడ్ అంటే స్క్రూ, ఎముక జారకుండా, విడిపోకుండా అతికించినట్టు లెక్క. అప్పుడే బిగించిన స్క్రూకి అది తప్పు. థ్రెడ్ వెనక ముఖం కూడా ఎముకను అతుక్కుని లాగుతుంది, ఆకారాల మధ్య తేడా చెరిగిపోతుంది. ఘర్షణతో కాంటాక్ట్ ఇవ్వండి. ఎముక పూర్తిగా అతుక్కున్న ఇంప్లాంట్‌కైతే బాండెడ్ సరిపోతుంది.

మొదటి ఒకటి రెండు థ్రెడ్‌ల దగ్గరే స్ట్రెస్ ఎక్కువగా ఉందని టెన్షన్ పడకండి, లోడ్ పంచుకునే తీరే అంత. ఎముక అన్ని దిశల్లో ఒకేలా ఉండదన్న సంగతి, థ్రెడ్‌ను మెలితిరిగే హెలిక్స్ బదులు విడివిడి రింగులుగా గీయడం లాంటివి చివర్లో చూసుకోవచ్చు. ఇంత పెద్ద తప్పు వాటివల్ల రావడం నేను అరుదుగా చూశాను.