జంట పీక్ కనబడితే సూదిని వెనక్కి లాగి చూడండి

క్వాంటం డాట్‌లోని (కొన్ని నానోమీటర్ల అర్ధవాహక స్ఫటికంలోని) శక్తి మట్టాలను టనెలింగ్ కరెంటుతో, అంటే సూదికీ డాట్‌కీ మధ్య ఖాళీని దాటే ఎలక్ట్రాన్ల కరెంటుతో, కొలవడం నేర్చుకుంటున్న రోజుల్లో, పక్కపక్కనే ఉన్న రెండు పీక్‌లను రెండు మట్టాలనుకుని రెండు వారాలు నోట్‌బుక్ నింపాను. తీరా చూస్తే రెండూ ఒకే ఎస్ మట్టం, అంటే ఎలక్ట్రాన్‌కు అన్నిటికంటే కింది మట్టం.

సాంపిల్ సంగతి పెద్దగా చెప్పను. చదునైన బంగారం, దానిమీద డైథయాల్ పొర (డాట్‌లను బంగారానికి అంటించే అణువుల పొర), ఆపైన విడివిడిగా డాట్‌లు. డాట్‌ల ద్రావణం బాగా పలచగా ఉండాలి. ఎస్‌టీఎంను (సూదితో టనెలింగ్ కరెంటు కొలిచే సూక్ష్మదర్శినిని) ద్రవ హీలియంతో 4.2 కెల్విన్‌కు దించండి. గది ఉష్ణోగ్రతలో వేడి వల్లే పీక్ దాదాపు 90 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టులు వెడల్పవుతుంది. 4.2 దగ్గర ఆ వెడల్పు ఒకటిన్నరకు మించదు.

ముందు ఖాళీ బంగారం మీద కరెంటు-వోల్టేజి గీత తీయండి. సున్నా దాటేచోట అది తిన్నని గీతలా సాగాలి. అక్కడా గ్యాప్ (కరెంటే లేని మేర) కనిపించిందా, డాట్ సూదికే అంటుకుంది! ఓసారి అలాంటి సూదితో మధ్యాహ్నమంతా కొలిచాను, ఎక్కడ పెట్టినా అదే స్పెక్ట్రమ్. చిన్న వోల్టేజి పల్స్ ఇచ్చి వదిలించుకోండి, లేదా సూది మార్చండి.

ఇక డాట్ నడినెత్తిన సూది నిలిపి, ఫీడ్‌బ్యాక్ (సూది ఎత్తును సర్దే ఏర్పాటు) ఆపి, వోల్టేజిని అటూ ఇటూ నడపండి. లాక్-ఇన్ యాంప్లిఫయర్‌తో డీఐ/డీవీ (వోల్టేజితో కరెంటు మారే రేటు) తీసుకోండి, పీక్‌లు కనబడేది అందులోనే. పోను గీత, రాను గీత ఒకదానిమీద ఒకటి పడకపోతే ఆ కొలత పక్కన పెట్టేయండి.

అసలు పని ఇప్పుడుంది. సెట్ కరెంటు (ఫీడ్‌బ్యాక్ నిలిపి ఉంచే కరెంటు) తగ్గించి సూదిని దూరం జరపండి. ఎలక్ట్రాన్ డాట్‌లోకి రావడానికి తాత్సారం చేస్తుంది, బంగారంలోకి మాత్రం చటుక్కున దిగిపోతుంది. రెండోది వచ్చేసరికి ఇల్లు ఖాళీ. కాబట్టి మట్టానికొక పీక్. దగ్గరికి తెస్తే, ఆంగ్‌స్ట్రామ్‌కు సుమారు పదింతలు చొప్పున కరెంటు పెరుగుతుంది, మొదటిది వెళ్లకముందే రెండోది వస్తుంది, చార్జింగ్ శక్తి (లోపలున్న ఎలక్ట్రాన్ వికర్షణను దాటడానికి కావలసిన శక్తి) కట్టి మరీ లోపలికొస్తుంది. ఎస్ రెండుగా, దాని పైనున్న పీ మట్టం ఆరుగా చీలుతుంది. ఇండియం ఆర్సెనైడ్ డాట్‌లలో ఈ రెండు, ఆరు 1999లోనే కనబడ్డాయి.

ఒక మెలిక ఉంది. వోల్టేజిలో కొంత భాగం డైథయాల్ పొరలోనే పడిపోతుంది, సూది దూరం మారితే ఆ వాటా మారుతుంది. పీక్‌లన్నీ ఒకే నిష్పత్తిలో జరిగితే అది వాటా మార్పు. ఒకే పీక్ రెండుగా విడితే చార్జింగ్.

చివరికి గ్యాప్ కొలిస్తే కాంతి శోషణలో వచ్చినదానికంటే ఎక్కువే వస్తుంది, కంగారు పడకండి. కాంతి ఎలక్ట్రాన్‌నూ హోల్‌నూ (ఎలక్ట్రాన్ వదిలిన ఖాళీనీ) జంటగా పుట్టిస్తుంది, అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. ఇక్కడ ఎలక్ట్రాన్ ఒంటరిగా వస్తోంది.