గంజాయి కేసులు, నిండిన జైళ్లు: సమస్య ఎక్కడ, పరిష్కారం ఏమిటి?

హైదరాబాద్ నాంపల్లి కోర్టు బయట టీ కొట్టు దగ్గర గంజాయి మాట వస్తే చాలు, "శిక్షలు ఇంకా పెంచాలి సార్, అప్పుడే భయం ఉంటుంది" అనేవాళ్లు ఒకరైనా ఉంటారు. పక్కనే బెంచీ మీద కూర్చున్న తల్లి అడిగేది వేరు: "మావాడు ఎప్పుడొస్తాడు?"

సమస్య: జైలు కిక్కిరిసింది. లోపల ఉన్నవాళ్లలో శిక్ష పడినవాళ్లు తక్కువ.

కారణం: 2022 చివరికి దేశంలోని జైళ్లలో 4,36,266 మందికి చోటుంటే ఉన్నది 5,73,220 మంది. ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. గంజాయి కేసుల్లో ఈ ముడి ఇంకా బిగుస్తుంది. ఎన్‌డీపీఎస్ అనే మత్తుమందుల చట్టంలో అన్నీ తూకం మీదే నడుస్తాయి. కిలో లోపైతే ఏడాది వరకు జైలు. 20 కిలోలు దాటితే కమర్షియల్ క్వాంటిటీ (వ్యాపార మోతాదు), కనీసం 10 ఏళ్లు, గరిష్ఠం 20. అప్పుడు సెక్షన్ 37 అడ్డం పడుతుంది. ఇతను దోషి కాడని, బయటికొస్తే మళ్లీ తప్పు చేయడని జడ్జికి నమ్మకం కుదిరితేనే బెయిలు. సాక్షి ఒక్కడు కూడా బోనెక్కకముందే ఆ నమ్మకం ఎలా కుదరాలి?

శిక్షలు పెంచమనేవాళ్లు చూడని లెక్క ఇంకొకటి ఉంది. కొత్త క్రిమినల్ విచారణ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 479 ప్రకారం మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు రిమాండ్‌లోనే గడిపితే విడుదల అడగొచ్చు. 20 ఏళ్లలో మూడో వంతంటే 6 ఏళ్ల 8 నెలలు. గరిష్ఠాన్ని 30కి పెంచితే అది పదేళ్లవుతుంది. నేరం రుజువు కాకముందే!

ఏం చేయాలి: ముందు సరుకు పట్టుకున్నప్పుడు రాసిన పంచనామా కాపీ తీసుకోండి. తూకంలో సంచులు, ప్లాస్టిక్ చుట్టలు కలిశాయా? చట్టంలో గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. అవి లేకుండా ఉత్త ఆకులు, గింజలు ఉంటే లెక్కలోకి రావు. 22 కిలోల కేసులో ఈ తేడా బెయిలుకీ జైలుకీ మధ్య తేడా కావచ్చు. శాంపిళ్లు మేజిస్ట్రేట్ ముందు తీశారో లేదో చూడండి. కమర్షియల్ కేసుల్లో చార్జిషీటుకు గడువు 180 రోజులు. కోర్టు ఏడాది వరకు పొడిగించొచ్చు. పొడిగింపు లేకుండా గడువు దాటితే ఆ రోజే బెయిలు పిటిషన్ వేయాలి, చార్జిషీటు పడ్డాక ఆ హక్కు ఉండదు. విచారణ ఏళ్ల తరబడి సాగుతుంటే, 2023లో మహమ్మద్ ముస్లిం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూపించండి. గంజాయి కేసులో ఏడేళ్లకు పైగా లోపలున్న మనిషికి సెక్షన్ 37 ఉన్నా బెయిలిచ్చారు. ఫీజు కట్టలేమని ఆగొద్దు. జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇస్తారు, 15100కి ఫోన్ చేయండి.

సమస్య: పండించినవాడూ మోసినవాడూ లోపల, పెట్టుబడి పెట్టినవాడు బయట.

కారణం: నగరానికి వచ్చే సరుకు చాలావరకు ఆంధ్రా-ఒడిశా సరిహద్దుది, అల్లూరి జిల్లా ఏజెన్సీ, మల్కన్‌గిరి వైపు నుంచి. సాగుకు పదేళ్ల వరకు జైలు ఇప్పటికే ఉంది. పెట్టుబడి పెట్టినవాడికి సెక్షన్ 27ఏ కింద 10 నుంచి 20 ఏళ్లు ఉంది. కాబట్టి కొరత సెక్షన్లది కాదు, రుజువులది. కారు డ్రైవర్ చెప్పిన పేరు కోర్టులో నిలవదు; దర్యాప్తు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలు చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో తేలింది. దాంతో సరుకు ఎవరి చేతిలో దొరికితే వాడే ఏ1, అంటే మొదటి నిందితుడు.

ఏం చేయాలి: బ్యాంకు ఖాతాలు, ఫోన్ చెల్లింపులు తవ్వాలి. అక్రమంగా సంపాదించిన ఆస్తులను స్తంభింపజేసే అధికారం సెక్షన్ 68ఎఫ్‌లో ఉంది. ఇది పోలీసుల పని, ఓపిక కావాలి. కొండల మీద కాఫీకి, మిరియాలకు నికరమైన ధర దొరకాలి. 2021లో ఆపరేషన్ పరివర్తన పేరుతో వేల ఎకరాల తోటలు నరికారు. నరికిన చోట ఇంకో పంట నిలబడకపోతే వ్యాపారి అడ్వాన్సు పట్టుకుని మళ్లీ వస్తాడు.

శిక్షలు పెంచి చూసిన కెనడా సంగతీ చెప్పుకోవాలి. 2012లో అక్కడ అమ్మకానికి ఆరు మొక్కలు పెంచినా కనీసం ఆరు నెలల జైలని చట్టం చేశారు. 2018 అక్టోబర్ 17న గంజాయినే చట్టబద్ధం చేశారు. మనమూ అలాగే చేయాలని నేననను, మన సంగతులు వేరు.

సమస్య: తాగే కుర్రాడు మళ్లీ మళ్లీ దొరుకుతున్నాడు.

కారణం చెప్పనక్కర్లేదు, అది అలవాటు. సెక్షన్ 27 కింద ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 వరకు జరిమానా, రెండూ పడొచ్చు.

ఏం చేయాలి: సెక్షన్ 64ఏ చాలామంది లాయర్లకే గుర్తుండదు. తానే ముందుకొచ్చి గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్స తీసుకునే వ్యసనపరుడికి చిన్న మోతాదు కేసుల్లో విచారణ నుంచి రక్షణ ఉంటుంది. ఎర్రగడ్డ మానసిక వైద్యశాలలో చూపించి, ఆ చీటీలు పిటిషన్‌కు జత చేయండి. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణను వెనక్కి తీసుకోవచ్చు, ఆ మాట కుర్రాడికి మొదటి రోజే చెప్పండి.