ఉప్పునీటి ట్యాంకు, ఆరో పాఠం: కవరు ముడి విప్పే ముందు

ఈసారి క్వారంటైన్‌లో, అంటే కొత్త చేపల్ని కొన్నాళ్లు విడిగా ఉంచే ట్యాంకులో, వాడే మందుల గురించి చెబుతానన్నాను. అది వాయిదా. పోయిన పాఠంలో నేను రాసిన ఒక్క వాక్యం కొన్ని చేపల ప్రాణం తీసింది. ముందు ఆ లెక్క తేల్చాలి.

కొత్త చేపను ట్యాంకులోకి దించడం గురించి "తొందరపడి వదలకండి, గంటన్నర డ్రిప్ చేయండి" అని రాశాను. డ్రిప్ అంటే చేప వచ్చిన కవరు నీళ్లలోకి మన ట్యాంకు నీళ్లని సన్న గొట్టంతో చుక్కచుక్కగా కలపడం. హైదరాబాద్‌లో ఒకాయన అక్షరం పొల్లుపోకుండా అదే చేశారు. చెన్నై కొళత్తూరులో మధ్యాహ్నం మూడింటికి ప్యాకింగ్, రాత్రి బస్సులో పార్సిల్, మర్నాడు ఉదయం తొమ్మిదికి ఇంట్లో థర్మకోల్ పెట్టె. రెండు క్లౌన్ చేపలు, ఒక డామ్సెల్. కవర్లు విప్పి బకెట్లో పోసి, సన్న గొట్టానికి ముడేసి చుక్కలు మొదలుపెట్టారు. నలభై నిమిషాలకి ఒక క్లౌన్ పక్కకి ఒరిగింది. మార్పు ఎక్కువైందేమోనని టెన్షన్ పడి చుక్కల వేగం ఇంకా తగ్గించారట. సాయంత్రానికి డామ్సెల్ ఒక్కటే మిగిలింది.

తప్పు ఆయనది కాదు. డ్రిప్ దేనికి, ఎప్పుడు అన్నది నేను రాయలేదు. నాకు చేతికి అలవాటైన సంగతి కదా, అందరికీ తెలుసనుకున్నాను.

ఆ కవరులో ఏం జరిగిందో చూడండి. మూడో వంతు నీళ్లు, మిగతాది ఆక్సిజన్. చేప పద్దెనిమిది గంటలు అందులోనే ఊపిరి తీసింది. కార్బన్ డయాక్సైడ్ వదిలింది, మొప్పల నుంచి అమ్మోనియా వదిలింది. బయటికి దారిలేని కార్బన్ డయాక్సైడ్ నీటి పీహెచ్‌ని 8.2 నుంచి 7 దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి లాగేస్తుంది. చేపను కాపాడింది ఆ పడిపోయిన పీహెచ్చే. 7 దగ్గర అమ్మోనియా దాదాపు అంతా అమ్మోనియంగా మారి ఉంటుంది, అది మొప్పల్లోంచి సులువుగా లోపలికి దూరదు. అలా మారకుండా మిగిలే అసలు విషం నూటికి ఒక వంతు కూడా ఉండదు.

ఇప్పుడు ముడి విప్పారు. సోడా మూత తీసినట్టే, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవడం మొదలవుతుంది. పైనుంచి మనం 8.2 పీహెచ్ నీళ్లు చుక్కలుగా వేస్తున్నాం. కొందరు చేపకి గాలి ఆడాలని ఎయిర్ స్టోన్ (నీళ్లలో గాలి బుడగలు వదిలే రాయి) కూడా పెడతారు, అది ఆ పనిని ఇంకా త్వరగా చేస్తుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే విషపు అమ్మోనియా దాదాపు పది రెట్లవుతుంది. 7 నుంచి 8.2కి వెళ్తే పదిహేను రెట్లు. రాత్రంతా బస్సులో కుదుపులకి బతికిన చేప మన బకెట్లో, మన కళ్ల ముందు పోతుంది.

నీళ్లు కలుస్తుంటే అమ్మోనియా పలచబడుతుంది కదా అని వాదించేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. రెట్టింపు నీళ్లయితే సగమవుతుంది, ఒప్పుకుంటాను. పదిహేను రెట్లు పెరిగినదాన్ని సగం చేసి ఏం బావుకుంటాం? పీహెచ్ ఒక్కసారిగా మారితే షాక్ కాదా అని ఇంకో ప్రశ్న. ఆ మార్పుని చాలా చేపలు తట్టుకుంటాయి. అమ్మోనియాలో గంటన్నర నానబెడితే తట్టుకోలేవు.

కాబట్టి కవరు కట్టి మూడు గంటలు దాటితే డ్రిప్ లేదు. మూడు అన్నది నా లెక్క. ఊళ్లోని షాపు నుంచి అరగంటలో తెచ్చుకున్న చేపకి ఈ గొడవేమీ లేదు, హాయిగా డ్రిప్ చేసుకోండి.

మరి డ్రిప్ లేకుండా ఎలా? మార్పులేవో ట్యాంకులోనే ముందే చేసి పెట్టుకోవాలి. మనకి సమస్యయ్యేది ఉప్పు. దాన్ని నీటి సాంద్రతతో కొలుస్తాం, ఉప్పు లేని నీళ్లు 1.000. సముద్రం 1.025 ఉంటే, చాలా షాపులు పరాన్నజీవులు తగ్గుతాయని, ఉప్పు ఖర్చు కలిసొస్తుందని 1.018, 1.020 దగ్గర నడుపుతాయి. ఎక్కువ ఉప్పు నుంచి తక్కువకి రావడం చేపకి తేలిక, తక్కువ నుంచి ఎక్కువకి వెళ్లడమే కష్టం. అందుకే పార్సిల్ బయల్దేరే ముందే షాపుకి ఫోన్ చేసి మీ నీళ్లెంత అని అడగండి. 1.019 అన్నారనుకోండి, 1.025 నీళ్లు 15 లీటర్లకి ఆర్వో నీళ్లు 5 లీటర్లు కలిపితే క్వారంటైన్ ట్యాంకు దాదాపు అక్కడికొస్తుంది. చేప దిగాక రోజూ 4 లీటర్లు తీసి 1.025 నీళ్లు 4 లీటర్లు పోయండి. ఎనిమిదో రోజుకి 1.024 చేరతారు, నీళ్లు మార్చే పని కూడా దాంతోనే అయిపోతుంది.

షాపువాళ్ల మాట మాత్రం పూర్తిగా నమ్మకండి. నాకు ఒకచోట 1.023 అని చెప్పిన నీళ్లు తీరా చూస్తే 1.017. కవరు నీళ్లలో ఉప్పు తక్కువ తేలితే ట్యాంకులో కలపడానికి రెండు లీటర్ల ఆర్వో నీళ్లు పక్కనే ఉంచుకుని, ముడి విప్పగానే రిఫ్రాక్టోమీటర్‌పై (ఉప్పు కొలిచే పరికరం) రెండు చుక్కలు వేయండి. ముల్లు ఉండే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ వద్దు, ముల్లుకి ఒక్క గాలి బుడగ అంటుకున్నా లెక్క తప్పుతుంది. వైజాగ్‌లో సముద్రపు నీళ్లే క్యాన్లలో తెచ్చుకునేవాళ్లు కూడా కొలవాలి. వానాకాలం చివర నదుల నీళ్లు కలిసి తీరంలో ఉప్పు బాగా తగ్గుతుంది, ఎండాకాలం అంకె అప్పుడు పనికిరాదు.

ఇక దించడం. గదిలో లైటు తగ్గించి, కట్టిన కవరునే పదిహేను ఇరవై నిమిషాలు ట్యాంకులో తేల్చండి. తర్వాత విప్పండి, కొలవండి, బకెట్ మీద చిల్లుల గిన్నె పెట్టి వంచండి, చేపను ట్యాంకులోకి జార్చండి. విప్పిన దగ్గర్నుంచి మొత్తం రెండు మూడు నిమిషాలు. కవరు నీళ్లు పారబోయాలి. నేను వల వాడను. ట్యాంగ్ చేపలకి తోక మొదట్లో కత్తిలాంటి ముల్లుంటుంది, వలలో చిక్కుకుంటే దాన్ని విడిపించేలోగా చేప సగం చస్తుంది. ఆ గిన్నె మా వంటింటిదే. మా ఆవిడకి తెలిసిన రోజు కొత్తది కొనిచ్చాను.

క్లీనర్ ష్రింప్, స్టార్ ఫిష్ సంగతి వేరు. ఉప్పు తేడాకి అవి చేపలకంటే త్వరగా పోతాయి. గంట, గంటన్నర డ్రిప్ వాటికి అవసరమే. పోయిన పాఠంలోని ఆ వాక్యం నిజానికి వాటికి సరిపోయేది. సముద్రపు గుర్రం దొరుకుతోంది, దాన్నెలా దించాలని ఒకరు అడిగారు. మన దేశంలో అది వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జీవి. కొనకండి, అంతే.

మొదటి రోజు మేత వద్దు, ట్యాంకు మీద మూత మరవద్దు.

అభ్యాసం చేప లేకుండానే. సీసాలో సగం వరకు ఉప్పునీళ్లు పోసి పీహెచ్ చూడండి. స్ట్రాతో ఐదు నిమిషాలు అందులోకి ఊదండి, మళ్లీ చూడండి. తర్వాత ఎయిర్ స్టోన్ వేసి గంటపాటు ప్రతి ఐదు నిమిషాలకీ అంకె రాసుకోండి. దాంతోపాటు 20 లీటర్ల ఖాళీ ట్యాంకుని 1.019 నుంచి ఎనిమిది రోజుల్లో 1.024కి తీసుకెళ్లండి, రోజూ ఒకే వేళకి కొలిచి. ఈ రెండు పట్టికలూ చేతిలో లేనివాళ్లు ఏడో పాఠం చదవచ్చు గానీ, చేపకి ఆర్డర్ మాత్రం పెట్టొద్దు.