ఆరోగ్య పుకారుకు ఖండన వార్త రాయడం ఎలా?

ముందు మూడు దగ్గర పెట్టుకోండి: పుకారు పోస్టు స్క్రీన్‌షాట్ తేదీతో సహా, జిల్లా వైద్యాధికారి నంబరు, ఆ జబ్బుకు వైద్యం చేసే డాక్టరు ఒకరు. టీవీ చర్చల్లో రోజూ కనిపించే డాక్టరు వద్దు. ఊపిరితిత్తుల సంగతి ఎముకల డాక్టరును అడిగితే ఖండనకే ఖండన రాయాల్సి వస్తుంది.

అసలు రాయాలా వద్దా అన్నది తర్వాత చూడండి. రెండు వాట్సాప్ గ్రూపుల్లోనే తిరుగుతున్నదాన్ని వదిలేయండి, రాస్తే మీరే దాన్ని రాష్ట్రమంతా తిప్పినట్టు. మూడు మండలాల విలేకరులు విడివిడిగా చెప్పినా, జనం దాన్ని నమ్మి ఏదైనా చేయడం మొదలుపెట్టినా ఆ గంటలోనే రాయండి.

ఇక హెడ్డింగ్. చాలా ఖండనలు చెడేది ఇక్కడే. తెలుగులో ‘కాదు’, ‘లేదు’ వాక్యం చివర వస్తాయి. ‘చికెన్ తింటే కరోనా సోకుతుందన్న ప్రచారంలో నిజం లేదు’ అని పెట్టారనుకోండి. ఫోన్ నోటిఫికేషన్‌లో అది ‘చికెన్ తింటే కరోనా సోకుతుందన్న...’ దగ్గరే తెగిపోతుంది. స్క్రోలింగ్ సగం చూసి ఛానెల్ మార్చినవాళ్లకు గుర్తుండేదీ ఆ సగమే. వాక్యంలో తప్పేమీ లేదు, చేరింది మాత్రం పుకారే.

‘చికెన్‌తో కరోనా రాదు’ అనండి. మూడే మాటలు, ఎక్కడా తెగవు. నాలుగు దాటితే మళ్లీ రాయండి. ప్రశ్నార్థకం మాత్రం పెట్టనే పెట్టొద్దు. ‘చికెన్ తింటే కరోనా వస్తుందా?’ అంటే క్లిక్కులు వస్తాయి, నిజమే. క్లిక్ చేయనివాళ్లంతా అనుమానంతోనే మిగిలిపోతారు, ఆ వారం కోళ్ల రైతు మునిగిపోతాడు.

మొదటి పేరాలో నిజం, దాని కారణం: వైరస్ సోకినవాళ్ల దగ్గు, తుమ్ము, మాట, శ్వాస ద్వారా మనిషి నుంచి మనిషికి పాకుతోంది. రెండో పేరాలో పుకారు, ఒక్కసారే. ‘తప్పుడు ప్రచారం’ అన్న మాట దానికి ముందే రావాలి. చివర మళ్లీ నిజం. కారణం లేని ఖండన నిలవదు. 2020 ఫిబ్రవరి నెలాఖరులో అప్పటి తెలంగాణ మంత్రులు కేటీఆర్, ఈటల రాజేందర్, తలసాని శ్రీనివాస్ యాదవ్ హైదరాబాద్‌లో వేదికపై చికెన్ తిన్నారు. ఆ ఫొటో వేయాల్సిందే. అయితే మంత్రులు తినడం రుజువు కాదు. ఫొటో కిందే కారణం రాయాలి.

సోషల్ మీడియాలో పంచుకునే బొమ్మ కార్డు చేసేటప్పుడు ‘అబద్ధం’ ముద్ర మూలన వేయకండి. కత్తిరించి పంపేస్తారు. పుకారు అక్షరాల మీదుగానే, ఈ అంచు నుంచి ఆ అంచుకు ఏటవాలుగా వేయండి.

నాటు మందుల పుకార్లకు ఇంకో జాగ్రత్త ఉంది. 2020 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో కొందరు వీడియో చూసి ఉమ్మెత్త గింజల రసం తాగి ఆస్పత్రి పాలయ్యారు. అలాంటి వార్తలో ఎన్ని గింజలు, ఎలా నూరారు అన్నది రాయొద్దు, వీడియో చూపించొద్దు. తాగితే ఏమవుతుందో రాయండి: నోరు ఎండిపోవడం, గుండె దడ, చూపు మసకబారడం, మతి తప్పడం. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలన్న మాట, 108 నంబరు హెడ్డింగ్ కిందే ఉండాలి.

ఆ పుకారును మీ పత్రికో ఛానెలో ముందు వేసి ఉంటే సవరణ అదే పేజీలో, అదే సైజులో రావాలి. పాత లింకు తీసేయకండి. దాని పైభాగంలోనే సవరణ, తేదీ పెట్టండి. పాత లింకు ఇంకా ఫార్వర్డ్ అవుతూనే ఉంటుంది.