తక్కువ ఖర్చులో ల్యాండింగ్ షిప్ గీద్దాం – 3వ పాఠం: ఒడ్డు వాలు, ఓడ అడుగు

పోయిన పాఠంలో ఓడలోకి ఏమేం ఎక్కాలో తేల్చుకున్నాం: పది టీ-90 ట్యాంకులు, కొన్ని లారీలు, మూడొందల మంది జవాన్లు. ఈసారి అవన్నీ దిగేదెలాగో చూద్దాం. ఎక్కించేటప్పుడు రేవు ఉంటుంది, క్రేన్లుంటాయి, టైమూ ఉంటుంది. దించే చోట ఇసుక తప్ప ఏమీ ఉండదు. ఓడ ఆకారం మొత్తం ఈ దింపుడు పద్ధతి మీదే ఆధారపడుతుంది కాబట్టి, అది తేలకుండా ఇంజిన్ సైజు గురించి వాదించుకోవడం దండగ.

కాగితం, స్కేలు తీసుకోండి. నీటిమట్టాన్ని అడ్డగీతగా గీసి, దాని కింద ఒడ్డు వాలు గీయండి. మన ఓడ పొడవు 100 మీటర్లు. ఒడ్డుకు చేరే వేళకి ముందు కొస 1 మీటరు, వెనక కొస 3 మీటర్లు మునిగి ఉంటాయనుకుందాం. ఓడ ఎంత లోతు మునిగిందో చెప్పే ఈ కొలతే డ్రాఫ్ట్. ప్రొపెల్లర్లు, చుక్కాని వెనకే ఉంటాయి కాబట్టి అక్కడ ఎక్కువ మునగాల్సిందే. అంటే ఓడ అడుగుకీ ఒక వాలుంది: 100 మీటర్లకు 2 మీటర్లు, 1:50.

మొదటి ఒడ్డు వాలు 1:30. ముందు కొస 1 మీటరు లోతులో నేలను తాకుతుంది. అది నీటి అంచుకు 30 మీటర్ల దూరం. వెనక కొస 130 మీటర్ల దగ్గరుంటుంది, అక్కడ లోతు 4.3 మీటర్లు. ప్రొపెల్లర్లకు ఇబ్బంది లేదు. డీసీఎం వ్యాన్ డాలా దించినట్టు ముందున్న ర్యాంపు దించితే ట్యాంకు దిగి నడిచిపోతుంది.

రెండో ఒడ్డు 1:100. ఇక్కడ వెనక కొస ముందే ఇరుక్కుంటుంది. 3 మీటర్ల లోతు నీటి అంచుకు 300 మీటర్ల దూరంలోనే వచ్చేస్తుంది. అప్పుడు ముందు కొస ఎక్కడుంది? 200 మీటర్ల దూరంలో, 2 మీటర్ల లోతులో, ఇంకా తేలుతూనే. టీ-72 లాంటి ట్యాంకు ప్రత్యేక సన్నాహం లేకుండా దాటగలిగే నీళ్లు దాదాపు 1.2 మీటర్లే. జవాను సంగతి చెప్పనక్కర్లేదు, నీళ్లు తల మీద ఉంటాయి. ఈ బొమ్మ ఒక్కసారి చేత్తో గీస్తే చాలు, జన్మలో మర్చిపోరు. ఒడ్డు వాలు ఓడ అడుగు వాలు కంటే తక్కువైతే వెనక భాగమే ముందు నేల తాకుతుంది.

బాలానగర్‌లో ఫ్యాబ్రికేషన్ షాపు నడిపే ఒకాయన మన ఆదివారం బ్యాచ్‌లో అడిగాడు: "సార్, ర్యాంపు పొడుగు పెంచితే అయిపోతుంది కదా?" మంచి ప్రశ్న. ఆయన లెక్కలోనే చూద్దాం. రెండు కొసలా ఆనిన ర్యాంపు మధ్యలో 46 టన్నుల టీ-90 ఉంటే, 10 మీటర్ల ర్యాంపును వంచే ప్రభావం (బెండింగ్ మూమెంట్) 115 టన్ను-మీటర్లు. 20 మీటర్లయితే 230. అంతకు తగ్గ ఉక్కు వేస్తే ర్యాంపు బరువు రెండింతలకు మించి పెరుగుతుంది. ఆ బరువంతా ఓడ ముందు కొసలోనే పడి, దాన్ని మరింత ముంచుతుంది. అమెరికన్లు న్యూపోర్ట్ తరగతి ఓడల్లో 34 మీటర్ల ర్యాంపు పెట్టి, దాన్ని ఓడ ముక్కు పైనుంచి రెండు పెద్ద చేతులతో దించారు. తలుపులు లేని కోసు ముక్కు వల్ల 20 నాట్ల వేగం (గంటకు దాదాపు 37 కిలోమీటర్లు) వచ్చింది. కానీ మన బడ్జెట్‌కు ఆ యంత్రాంగం అందదు.

రెండో దారి బ్యాలస్ట్ నీళ్లు (ఓడ నిలకడ కోసం అడుగు తొట్లలో నింపుకునే నీళ్లు) తోడేసి ఓడను పైకి లేపడం. ఎంత తోడాలి? ఓడ వెడల్పు 16 మీటర్లనుకుంటే నీటిమట్టం దగ్గర వైశాల్యం సుమారు 100 × 16 × 0.8 = 1,280 చదరపు మీటర్లు (ఓడ కొసల దగ్గర సన్నబడుతుంది కాబట్టి ఆ 0.8). ఒక సెంటీమీటరు లేవాలంటే 13 టన్నులు తగ్గాలి. పది ట్యాంకులూ దిగిపోతే 460 టన్నులు, అంటే ఓడ లేచేది 35 సెంటీమీటర్లే! నాకు ఈ పాఠం మొత్తంలో ఇష్టమైన అంకె ఇదే. విశాఖ దగ్గర ఆటుపోట్ల తేడా పెద్దదేమీ కాదు, అయినా పాటు మొదలయ్యాక నీళ్లు ఈ 35 సెంటీమీటర్ల కంటే ఎక్కువే దిగిపోతాయి. దించడం ఆలస్యమైతే ఓడ ఇసుకలో కూర్చుంటుంది. ఖంభాత్ సింధుశాఖలో అయితే మీటర్ల కొద్దీ దిగుతాయి, ఇక తర్వాతి పోటు వచ్చేదాకా అక్కడే. అందుకే ఒడ్డుకు వస్తూ దారిలోనే వెనక లంగరు ఒకటి వదిలేస్తారు, తిరిగి వెళ్లేటప్పుడు దాని ఉక్కు తాడు చుట్టుకుంటూ ఓడ తనను తానే వెనక్కి లాక్కుంటుంది. మీ బొమ్మలో ఆ తాడు చుట్టే యంత్రానికి, అంటే వించీకి, చోటు ఇప్పుడే వదలండి, తర్వాత దొరకదు.

ఈ రెండు దారులకూ ఇంకో చిక్కుంది: ఒడ్డెక్కే ఓడకు అడుగు బల్లపరుపుగా, ముక్కు మొద్దుగా ఉండాలి. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్ దాదాపు 1,200 కిలోమీటర్లు, 12 నాట్లలో రెండు రోజుల పైనే. వానాకాలం బంగాళాఖాతంలో ఆ అడుగు అలల మీద బాదుకుంటుంటే లోపలి జవాన్లు దిగే సమయానికి యుద్ధం చేసే స్థితిలో ఉండరు.

మూడో దారి వెల్ డెక్. పెద్ద ఓడ దూరంగానే ఆగుతుంది, వెనక గది నీటితో నింపుకుని చిన్న ల్యాండింగ్ క్రాఫ్ట్‌లను వదులుతుంది. మన జలాశ్వ అలాంటిదే. 2007లో అమెరికా నుంచి సుమారు 4.8 కోట్ల డాలర్లకు కొన్న పాత ఓడ. 2020లో మాలే నుంచి కొచ్చికి 698 మందిని తీసుకొచ్చింది కూడా అదే. ట్యాంకులు లేని రోజున ఆ డెక్కులు మనుషులకూ, బియ్యం బస్తాలకూ పనికొస్తాయి. కొత్తగా కట్టాలంటే నేను చూపించేది ఇండోనేషియా మకాస్సర్ తరగతి. మొదటి రెండూ కొరియాలో, తర్వాతి రెండూ సురబయలో కట్టారు. అదే డిజైన్ ఆధారంగా ఫిలిప్పీన్స్ తార్లాక్ తరగతి తీసుకుంది. దాదాపు 120 మీటర్ల పొడవు, మోస్తరు వేగం, ఆడంబరం లేదు. నా ఓటు దీనికే. నేరుగా ఒడ్డెక్కే పనిని మన ఎల్‌సీయూ మార్క్-4 లాంటి 63 మీటర్ల చిన్న ఓడలకు వదిలేద్దాం.

చవక కోసం ఏకంగా ఫెర్రీ డిజైనే తీసుకుంటే? న్యూజిలాండ్ ఆ పని చేసింది. 2007లో చేరిన కాంటర్‌బరీకి మూలం ఒక రో-రో ఫెర్రీ, అంటే వాహనాలు నేరుగా నడిచి ఎక్కి దిగే ఓడ. పెద్ద అలల్లో దాని నడత బాగాలేదని తేలి మార్పులు చేయాల్సి వచ్చింది. వాణిజ్య ప్రమాణాల ఉక్కు, ఇంజిన్లు తీసుకోండి, తప్పులేదు. ఓడ ఏ సముద్రంలో తిరగాలో మాత్రం ముందే రాసుకోండి.

ఆ సముద్రం లెక్కలు దొరికే చోటు మన ఊళ్లోనే, ప్రగతినగర్‌లో ఉంది. హైదరాబాద్‌కు సముద్రం లేకపోయినా, దేశం మొత్తానికి అలల అంచనాలు, సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ ఇక్కడిదే. వచ్చే పాఠానికి దాని అంచనాల నుంచి ఆంధ్ర తీరానికి వారం రోజుల అలల ఎత్తు రాసుకురండి. ముందు తలుపు, వాహనాల డెక్కు మీదకు వచ్చే నీళ్ల సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.

ఇంటి లెక్క: ఒడ్డు వాలు 1:60. ఇదే ఓడ ఏ కొసతో ముందు నేల తాకుతుంది? ముందు కొస 1 మీటరు దగ్గరే ఉంచి, రెండు కొసలూ ఒకేసారి తాకాలంటే వెనక వైపు నుంచి ఎన్ని టన్నుల బ్యాలస్ట్ తోడాలి? జవాబు 220 టన్నుల దగ్గర రావాలి. 440 వచ్చిందంటే సగటు డ్రాఫ్ట్ తీసుకోవడం మర్చిపోయారన్నమాట.