ఫైళ్ల భద్రత, మూడో పాఠం: ఊరు దాటాల్సిన కాపీ

పోయిన పాఠంలో ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ తగిలించి విండోస్‌లో ఫైల్ హిస్టరీ, అంటే మన ఫైళ్లను ఆ డిస్క్‌లోకి తనే కాపీ చేసే సదుపాయం, ఆన్ చేశాం. ముందు దాన్ని తనిఖీ చేద్దాం. డిస్క్ తెరిచి, ఫైల్ హిస్టరీ ఫోల్డర్‌లో మీ డి డ్రైవ్ ఫోటోలు ఉన్నాయేమో చూడండి. చాలామందికి కనబడవు.

ఫైల్ హిస్టరీ తనంతట తాను దాచేది ప్రధానంగా డెస్క్‌టాప్‌నూ, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి లైబ్రరీలనూ. మనకేమో కంప్యూటర్ బిగించినవాళ్లు "అన్నీ డి లో పెట్టుకోండి, ఫార్మాట్ కొట్టినా పోవు" అని చెప్పి వెళ్తారు. పాడైంది విండోస్ ఒక్కటే అయితే ఆ మాట నిజమే. కానీ సి, డి రెండూ ఒకే డిస్క్‌లో ముక్కలైతే, డిస్క్ పోయినరోజు రెండూ పోతాయి. డి లోని ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, "షో మోర్ ఆప్షన్స్"లో "ఇన్‌క్లూడ్ ఇన్ లైబ్రరీ" నొక్కి, ఒక లైబ్రరీలో చేర్చండి. తర్వాత కంట్రోల్ ప్యానెల్‌లో ఫైల్ హిస్టరీ తెరిచి "రన్ నౌ" కొట్టండి. పని అయ్యాక డిస్క్ ఊడదీసేయండి. 2017లో వచ్చిన వన్నాక్రై లాంటి, ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే వైరస్‌లు కంప్యూటర్‌కు తగిలించి ఉన్న డ్రైవ్‌లనూ వదలవు.

ఇక అసలు పాఠం. కంప్యూటరూ డిస్కూ ఒకే గదిలో ఉంటే వరదకు రెండూ ఒకటే. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది, లంకల్లో, అంటే నది పాయల మధ్య ఊళ్లలో, ఇళ్లు మునిగాయి. అక్కడ నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక ఇస్తారు. లంకలో ఉండేవాళ్లు ఆ మాట వినగానే డిస్క్‌ను పాస్‌బుక్కులు, దస్తావేజులు పెట్టుకునే సంచిలోనే వేసేయాలి.

అదీ చాలదు. రెండో డిస్క్ ఇంకొకటి కావాలి, అది వేరే ఊళ్లో ఉండాలి. మీది అమలాపురం, అక్కగారిది ముమ్మిడివరం అనుకోండి, అక్కడ పెట్టి లాభం లేదు. 1996 నవంబరు తుపాను కోనసీమనంతా ఒక్కసారే తుడిచిపెట్టింది. హైదరాబాదులో ఉన్న అబ్బాయి దగ్గరో, అమ్మాయి దగ్గరో ఉంచండి. సంక్రాంతికి వస్తారు కదా, పాత డిస్క్ తెమ్మని ముందే చెప్పి, కొత్త కాపీ ఎక్కించి పూతరేకులతో పాటు ఇచ్చి పంపండి. ఏడాదికొకసారి మరీ తక్కువే. వేసవి సెలవులకు ఇంకోసారి మార్చుకుంటే సరిపోతుంది.

అందులో ఆధార్, భూమి కాగితాల స్కాన్లు ఉంటే తాళం వేయాలి. విండోస్ ప్రో ఉన్నవాళ్లు డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి, డ్రైవ్ మొత్తానికి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్ చేయండి. హోమ్ ఎడిషన్‌లో అది కుదరదు, ఆ ఫైళ్లను 7-జిప్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పాస్‌వర్డ్ పెట్టి ఒకే ఫైలుగా కట్టండి. పాస్‌వర్డ్ పిల్లలకు కూడా తెలిసి ఉండాలి.

గూగుల్ ఖాతాలో ఉచితంగా ఇచ్చే 15 జీబీ సంగతి, అక్కడ ఒకచోట డిలీట్ చేస్తే అన్నిచోట్లా ఎందుకు పోతుందన్నది వచ్చే పాఠంలో చూద్దాం. ఈలోగా అభ్యాసం: డిస్క్‌లోంచి ఒక పాత ఫోటోను వేరే కంప్యూటర్‌లోకి తెచ్చి తెరిచి చూడండి.