ఆషాఢ గాలిలో సైకిలు: లారీ దాటే ఆ ఒక్క సెకను

హైవే మీద గాలికి సైకిలు అదుపు తప్పి, మనిషి లారీ వెనక చక్రాల కింద పడ్డాడని మళ్లీ ఒక వార్త. ‘అదుపు తప్పి’ అని రాసి ఊరుకుంటారు. ఎందుకు తప్పిందో తెలిస్తేనే తప్పించుకోగలం. హెల్మెట్, లైట్లు, బ్రేకుల సంగతి అందరికీ తెలిసిందే, దాని జోలికి పోవడం లేదు.

గాలి ఎటు, లారీ ఎటు

ఆషాఢ గాలి పడమర, నైరుతి నుంచి వీస్తుంది. అనంతపురానికి దక్షిణాన రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఈ గాలిని నమ్ముకునే. 44వ నంబరు జాతీయ రహదారి మీద గుత్తి నుంచి అనంతపురం వైపు తొక్కుతుంటే అది కుడి పక్క నుంచి కొడుతుంది. లారీ మనల్ని దాటేదీ కుడి పక్క నుంచే. ప్రాణాలు తీసేది ఈ రెండూ కలిసిన చోటే.

కుడి గాలికి పడిపోకుండా మనిషి తనకు తెలియకుండానే కుడికి వాలి తొక్కుతాడు, గోడకు ఆనుకున్నట్టు. లారీ దగ్గరకొస్తుంది. ముందు దాని క్యాబిన్ తోసే గాలి ఎడమకు నెడుతుంది. దాన్ని ఆపుకోవడానికి ఇంకాస్త కుడికి వాలతాడు. మరుక్షణం లారీ బాడీ గాలికి అడ్డం పడుతుంది. ఆనుకున్న గోడ ఉన్నట్టుండి లేకుండా పోతుంది. సైకిలు కుడికి, చక్రాల వైపే ఒరుగుతుంది. లారీ 60 కిలోమీటర్ల వేగంతో, మీరు 15తో పోతుంటే 12 మీటర్ల బండి మిమ్మల్ని దాటడానికి దాదాపు ఒక సెకను పడుతుంది. సరిదిద్దుకోవడానికి ఆ వ్యవధి చాలదు. తోక దాటగానే ఆగి ఉన్న గాలి ఒక్కసారిగా కొట్టి ఎడమ మట్టిలోకి విసురుతుంది.

కాబట్టి గాలికి వాలి ఉండగా లారీని పక్కకు రానివ్వకండి.

ఎలా తప్పించుకోవాలి

కుడి హ్యాండిల్ చివర చిన్న అద్దం బిగించుకోండి. ఎదురుగాలి చెవుల్లో హోరెత్తుతుంటే వెనక లారీ చప్పుడు వినపడదు. హారన్ వినపడేసరికి అది పక్కనే ఉంటుంది. నాలుగైదు సెకన్లకోసారి అద్దంలోకి చూడండి. లారీ ఇంకా దూరంగా ఉండగానే వేగం తగ్గించి, తెల్ల గీతకు కనీసం ఒక మీటరు ఎడమకు, షోల్డర్ (రోడ్డు పక్క అంచు) మీదికి జరగండి. ఛాతీ కిందికి వంచి, మోచేతులు మడిచి వదులుగా ఉంచండి. హ్యాండిల్‌ను బిగబట్టారో, ఒంటికి తగిలిన ప్రతి తోపూ నేరుగా ముందు చక్రానికి పోతుంది. గాలి విసురు ఎక్కువగా ఉంటే ఇవేవీ వద్దు. ఆగి, ఎడమ కాలు నేల మీద పెట్టి, లారీ పోయాక కదలండి. అర నిమిషం కూడా పట్టదు.

తిరుగు ప్రయాణంలో, అనంతపురం నుంచి గుత్తి వైపు, గాలి ఎడమ వెనక నుంచి తోస్తుంది. హాయిగా ఉంటుంది గానీ విసురు వచ్చినప్పుడల్లా లారీల దారిలోకి నెడుతుంది. ఇక్కడా తెల్ల గీత మీద తొక్కకండి.

బండి, బరువు

గాలి వేగం గంటకు 20 కిలోమీటర్ల నుంచి 40కి పెరిగితే దాని తోపు నాలుగింతలవుతుంది. అందుకే బరువు కంటే వెడల్పు చూసుకోవాలి. ఖాళీ ప్లాస్టిక్ బిందెలు కట్టిన సైకిలు బస్తా వేసిన సైకిలు కంటే ప్రమాదం. గడ్డిమోపు అడ్డంగా కడితే తెరచాపే, పొడుగ్గా కట్టండి. పాల క్యాన్లు రెండు పక్కలా సమానంగా ఉండాలి. రేసింగ్ సైకిలుకు లోతు రిమ్ము (పక్కలు వెడల్పుగా ఉండి గాలి పట్టే రకం) ఉంటే ముందు చక్రం మార్చండి. వెనకది ఉన్నా ఫర్వాలేదు, స్టీరింగ్ ముందు చక్రానిదే.

ఇక మిగతావి:

తెల్లవారకముందే బయల్దేరండి. పొద్దెక్కే కొద్దీ గాలి లేస్తుంది, 10 గంటలకల్లా హైవే దిగిపోవాలి.

పెద్ద కొమ్మలు ఊగుతూ, గొడుగు పట్టుకోవడం కష్టమైతే గాలి 40 దాటినట్టే. సైకిలు ఎక్కకండి.

గుట్ట తవ్వి వేసిన రోడ్డు కటింగ్ అయిపోయే చోట, చెట్ల వరస ఆగిపోయే చోట గాలి ఒక్కసారిగా తగులుతుంది. అక్కడికి ముందే వేగం తగ్గించండి.

ఎదురుగాలికి మీ వేగం 20 కాస్తా 12కి పడిపోతుంది. పంతం వద్దు. గేరు తగ్గించండి, నీళ్లు రెట్టింపు పట్టుకెళ్లండి.

దిగుడులో తొక్కడం పూర్తిగా ఆపేయకండి. కాసేపు ఆపినప్పుడు మోకాళ్లు ఫ్రేముకు ఆనించండి.

విసురు తగిలినప్పుడు ముందు బ్రేకు పట్టకండి.

చున్నీ, లుంగీ, వదులు రెయిన్‌కోటు వద్దు.

గాలి చాటు కోసం లారీ వెనక తొక్కకండి. ఎప్పుడూ.

పక్కపక్కన ఇద్దరు వద్దు.

పామిడి దగ్గర పెన్న వంతెన మీద దిగి నడవండి.

అద్దంలో లారీ కనిపించి, మీరు కుడికి వాలి ఉంటే, కాలు కింద పెట్టండి.